గుంజల మీద నిలిచిన ఇంటిపేర్లు

మలేసియాలోని పినాంగ్ దీవిలో, జార్జ్ టౌన్ రేవును ఆనుకుని వెల్డ్ క్వే అనే రోడ్డుంది. ఆ రోడ్డుకు సముద్రం వైపున చెక్క వంతెనలు వరసగా నీళ్లలోకి సాగి ఉంటాయి. ఒక్కో వంతెనకు రెండు పక్కలా ఇళ్లు, ఇళ్ల కింద గుంజలు, గుంజల కింద సముద్రం. వంతెన ఒక్కొక్కటీ ఒక్కో చైనా వంశానిది: చ్యూ, లిమ్, టాన్, లీ, యో. ఒకే వంశానికి చెందని వాళ్లు కలిసి కట్టుకున్న జెట్టీ కూడా ఒకటుంది. అందరూ వీటిని క్లాన్ జెట్టీలు అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ ఇక్కడ కాపురాలున్నాయి.

పర్యాటకులు ఎక్కువగా పోటు వేళ వెళతారు. నీళ్లు నిండుగా ఉంటే ఫొటోలు బాగుంటాయి, నిజమే. కానీ ఈ ఊరి పనితనం తెలియాలంటే ఆటు వేళ వెళ్లాలి. పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య ఇక్కడ నీటిమట్టం సుమారు 2 మీటర్లు మారుతుంది. నీరు తీసేసరికి ఒడ్డుకు దగ్గరి ఇళ్ల కింద నల్లటి బురద బయటపడుతుంది. ఆ బురదలో వందల గుంజలు, వాటి మీద గుల్లలు, మధ్యమధ్య అడ్డకర్రలు కనిపిస్తాయి. వాసన మాత్రం భరించాలి. మేడ కట్టినవాడు పునాదిని మట్టిలో దాచేస్తాడు. ఇక్కడ దాచడానికి వీల్లేదు, రోజుకు రెండుసార్లు సముద్రమే తెర తీసి చూపిస్తుంది.

అసలు విషయం బురదతో మొదలవుతుంది. ఈ తీరంలో పైపొర మెత్తటి సముద్రపు బంకమన్ను. అందులో రాయి పేర్చి గోడ లేపితే బరువుకు దిగిపోతుంది. గట్టినేల తగిలేదాకా తవ్వుదామంటే, కూలి పని చేసుకునే మనిషి తాహతుకు మించిన లోతు. అందుకని ఇక్కడి కట్టడం అడుగున ఏదో ఒక గట్టిదాని మీద ఆనుకోదు, పక్కల పట్టు మీద నిలుస్తుంది. బురదలోకి దిగిన గుంజను చుట్టూ ఉన్న మన్ను పొడవునా అదిమి పట్టుకుంటుంది. ఎంత లోతు దిగితే అంత పట్టు. ఒక్క గుంజ మోయగలిగింది కొంచెమే కాబట్టి గుంజల సంఖ్య పెంచి బరువును పంచారు. కింద నిలబడి చూసినప్పుడు ఒక చిన్న గదికి ఇన్ని గుంజలెందుకని అనిపిస్తుంది. లావుపాటి నాలుగు స్తంభాల కన్నా సన్నటి ఇరవై గుంజలకు బురదను తాకే చుట్టుకొలత ఎక్కువ. ఆ లెక్కను ఎవరూ కాగితం మీద వేసి ఉండరు. అయినా ఆ లెక్క ప్రకారమే కట్టారు.

గుంజకు వాడిన కలప కూడా ఆ తీరంలో దొరికిందే. మలయా తీరమంతా మడ అడవులు. అక్కడ బకావు అనే చెట్టు నిటారుగా, గట్టిగా పెరుగుతుంది. మన కోరంగి మడ అడవుల్లో ఉప్పు పొన్న అని పిలిచే చెట్టుది ఇదే కుటుంబం. రెండోది నిబోంగ్ అనే తాటిజాతి చెట్టు. దాని మానుకు బయటి పెంకు ఇనుములా గట్టిది, లోపలంతా మెత్తటి నార. ఉప్పునీటిలో చాలాకాలం నిలుస్తుంది కాబట్టి మలయా జాలరులు సముద్రంలో చేపల వలలు కట్టే గుంజలకు కూడా దీన్నే వాడేవారు. రెండూ సహజంగానే పొడవైనవి, నున్ననివి. కోత మిల్లుకు వెళ్లాల్సిన పని లేదు.

గుంజను దింపడానికి యంత్రం అక్కర్లేని పద్ధతి ఒకటి ఈ తీరాల్లో వాడుకలో ఉంది. ఆటు వేళ గుంజ సన్నకొసను చెక్కి బురదలో నిలబెడతారు. మనిషి ఎత్తులో దానికి అడ్డంగా ఒక కర్ర కడతారు. ఇద్దరు ముగ్గురు ఆ కర్ర మీద బరువు వేసి గుంజను అటూ ఇటూ ఊపుతారు, కొంచెం కొంచెంగా తిప్పుతారు. తడి బంకమన్నును కదిపితే వదులవుతుంది, కదపడం ఆపితే మళ్లీ బిగుస్తుంది. ఊపుతున్నంతసేపూ గుంజ దిగుతూ పోతుంది. ఎంత ఊపినా దిగనప్పుడు ఆపుతారు. కొద్దిరోజులకు మన్ను సర్దుకుని గుంజను పట్టేస్తుంది. సుత్తి దెబ్బ వేస్తే చిట్లిపోయే కొస ఇక్కడ చెక్కుచెదరదు. మన్ను స్వభావం ఎరిగిన చేతులకే తట్టే ఉపాయం ఇది.

ఇలా దిగిన ఒక్క గుంజలోనే మూడు వేర్వేరు జీవితాలుంటాయి. బురదలో కూరుకుపోయిన భాగానికి గాలి తగలదు. గాలి లేని చోట బూజు పెరగదు, చెక్కను తొలిచే పురుగు బతకదు. అందుకే ఆ భాగం దశాబ్దాలు గడిచినా గట్టిగానే ఉంటుంది. పైన ఇంటి నేలకు దగ్గరి భాగం ఎప్పుడూ పొడిగా ఉంటుంది కాబట్టి దానికీ పెద్ద ప్రమాదం లేదు. బాధంతా మధ్య భాగానిది. పోటుకు తడిసి, ఆటుకు ఎండి, మళ్లీ తడిసి ఆ భాగం పుచ్చుతుంది. నీటిలో ఉన్నంతసేపూ ఓడల అడుగులను నాశనం చేసే పురుగు దాన్ని లోపలి నుంచి తొలుస్తుంది. చూడడానికి పురుగే కానీ నిజానికి అది నత్తగుల్లల జాతి జీవి. పైకి సూదిమొనంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల గుంజ డొల్లయి ఉంటుంది. పాత గుంజల్ని గమనిస్తే సరిగ్గా నీటి గీత దగ్గరే నడుము సన్నబడి ఉంటాయి. ఊళ్లో తరతరాలుగా సాగుతున్న మరమ్మతు పనిలో అధికభాగం ఆ ఒకటిన్నర రెండు మీటర్ల మేర కోసమే.

గుంజల తలల మీద అడ్డంగా దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద పలకలు. ఇంతే నిర్మాణం. గుంజలు అన్నీ ఒకే ఎత్తులో నిలవవు కాబట్టి తలలను కోసి మట్టం చేస్తారు, తక్కువైన చోట చెక్కముక్క పెట్టి సరిచేస్తారు. గుంజకూ గుంజకూ మధ్య ఏటవాలుగా కట్టిన కర్రల పని వేరు. అవి బరువు మోయవు. అల పక్క నుంచి తోసినప్పుడు గుంజలన్నీ కలిసి ఆ తోపును ఎదుర్కొనేలా చేస్తాయి. ఆ కర్రల్ని వీలైనంత పైన, నీరు తక్కువసేపు తగిలే చోట కట్టడంలో కూడా ఆలోచన ఉంది.

నేల పలకల మధ్య సన్నటి సందులుంటాయి. మొదటిసారి నడిచేవాళ్లు అవి పనివాడి అజాగ్రత్త అనుకుంటారు. పైనుంచి పడ్డ వాన ఆ సందుల గుండా నేరుగా సముద్రంలోకి పోతుంది, కాలువ తవ్వాల్సిన పని లేదు. కింద నీటి మీదుగా వచ్చే గాలి ఇంట్లోకి పైకి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. తుఫాను గాలికి పెద్ద అల లేచి నేలను కింద నుంచి తాకితే, ఆ నీరు సందుల్లోంచి చిమ్మి బయటపడుతుంది. సందు లేని బిగువైన నేల అయితే ఆ తాకిడి మొత్తం పలక మీద పడి, నేలను దూలాల నుంచి ఊడబెరుకుతుంది.

వంతెన కూడా ఇంటి నేల ఎత్తులోనే ఉంటుంది. అది ఊరికి వీధి, రేవుకు దారి. దాని మీద పలకలను నడకకు అడ్డంగా పరిచారు. అలా పరిస్తే ఒక్కో పలకా పొట్టిది చాలు, పాడైన పలక ఒక్కదాన్నే ఊడదీసి మార్చవచ్చు. నడుస్తుంటే పలకలు కాలి కింద టకటకమంటాయి. సైకిలు పోతే ఒక చప్పుడు, మోటారు సైకిలు పోతే మరో చప్పుడు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఎవరు వస్తున్నారో తలుపు తీయకుండానే తెలుస్తుందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. నీటి గొట్టాలూ కరెంటు తీగలూ ఈ వంతెననే పట్టుకుని సాగుతాయి. భూమిలో పూడ్చడానికి భూమి లేదు కదా.

ఇంటి లోపలి అమరిక చైనా ఇళ్ల పద్ధతిలోనిదే, చోటును బట్టి కుదించారు. వంతెన వైపు ఒక పంచ, సాయంత్రాలు కూర్చునేది అక్కడే. లోపలికి అడుగుపెడితే ముందుగది, గుమ్మానికి ఎదురుగా ఎర్రటి పూజాపీఠం. దేవుడి విగ్రహం, పూర్వీకుల పటాలు, అగరుబత్తుల పాత్ర దాని మీద ఉంటాయి. పక్కగా పడకగదులు. వెనక వంటిల్లు. ఆ వెనక నీటి మీదికి తెరిచిన అరుగు, బట్టలూ చేపలూ ఆరేసుకోవడానికి. గదుల మధ్య గోడలు చెక్కవే. పాత ఇళ్ల పైకప్పు నీపా అనే మడతాటి ఆకులతో నేసిన కప్పు. తర్వాత జింకు రేకులు వచ్చాయి. ఆకుకూ రేకుకూ ఒక పోలిక ఉంది: రెండూ తేలిక. ఇటుక, సున్నం, పెంకు లేకపోవడం పేదరికం వల్లే కావచ్చు, కానీ బురద మీద నిలిచే ఇంటికి అదే ఆయుష్షు. గోడ కొంచెం ఒరిగినా చెక్క పగుళ్లివ్వదు, కొంచెం వంగి ఊరుకుంటుంది.

ఆ గుమ్మాల పైన ఒక పలక చూడాలి. దాని మీద రెండు చైనా అక్షరాలుంటాయి. చ్యూ వాళ్ల ఇంటి మీదైతే అవి రునాన్ అనే చోటును చెబుతాయి. ఎన్నో శతాబ్దాల కిందట తమ వంశం పుట్టిందని వాళ్లు నమ్మే ప్రాంతం అది. టాన్ వాళ్లకు మరో చోటు, లీ వాళ్లకు ఇంకో చోటు. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే ఈ పలక మనకు వింతగా తోచదు. బంగారు రంగు అక్షరాలు, ఉబ్బెత్తు చెక్కడం, ఎర్రటి నేపథ్యం. ఇల్లు రేకుల షెడ్డులా ఉన్నా ఈ పలక దగ్గర మాత్రం చేతిపనిలో లోటు రానివ్వలేదు.

ఇక ఇక్కడి అసలు తెలివి. ఈ ఊళ్లో ఏ భాగమూ శాశ్వతంగా ఉండాలని చేసింది కాదు. ఏ భాగాన్నయినా మిగతావాటిని కదపకుండా మార్చుకునేలా చేసింది. నీటి గీత దగ్గర గుంజ సన్నబడితే దాన్ని పీకరు. పక్కనే కొత్త గుంజ దింపి, దూలం బరువును దాని మీదికి మళ్లిస్తారు. పాతది ఉన్నంతకాలం ఉంటుంది, పోయిన రోజున పోతుంది. పైన ఇంట్లో వంట ఆగదు. మడ కలప దొరకడం కష్టమయ్యాక సిమెంటు కాంక్రీటు స్తంభాలు వచ్చాయి. కింద నుంచి చూస్తే మడ గుంజలూ కాంక్రీటు స్తంభాలూ ఒకే ఇంటిని పక్కపక్కన మోస్తూ కనిపిస్తాయి. కొన్ని వంతెనలకు కూడా కాంక్రీటు వేశారు. అందం తగ్గిందని బాధపడేవాళ్లున్నారు. నాకు అలా అనిపించలేదు. దొరికిన వస్తువుతో, ఆటు ఉన్న ఆ కాసిని గంటల్లో చేసుకునే మరమ్మతే ఈ ఊరి సంప్రదాయం. మొదట మడ గుంజ వాడిన కారణమే తర్వాత కాంక్రీటు వాడడానికీ కారణం. నేను బాధపడేది ఒక్క విషయంలో. మడ గుంజ ఊగుతుంది, కాంక్రీటు ఊగదు. రెండూ కలిసిన చోట అతుకులు ముందుగా వదులవుతాయి. ఆ అతుకుల్ని చూసుకునే మనిషి ఉండాలి.

ఇన్ని ఉపాయాలు ఒక చోట చేరడానికి కారణం ఇక్కడికి వచ్చిన మనుషులు, వాళ్ల పని. 1786లో ఇంగ్లీషు వాళ్లు పినాంగ్‌లో స్థావరం పెట్టారు. 1880లలో తీరాన్ని పూడ్చి వెల్డ్ క్వే కట్టారు. ఆ పేరు అప్పటి గవర్నరు ఫ్రెడరిక్ వెల్డ్‌ది. ఓడలు దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య జలసంధిలో లంగరు వేసేవి. ఓడ నుంచి ఒడ్డుకు సరుకునూ మనుషులనూ చేర్చడానికి పడవలు కావాలి, పడవలు నడిపేవాళ్లు కావాలి. ఆ పనికి చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం నుంచి, ముఖ్యంగా షియామెన్ దగ్గరి తోంగాన్ ప్రాంతం నుంచి జనం వచ్చారు. చ్యూ వాళ్లు అక్కడి షింగ్లిన్ అనే ఊరివాళ్లు. ముందు వచ్చినవాళ్లు ఒంటరి మగవాళ్లు. వాళ్లు కట్టుకున్నది పడవలు కట్టేయడానికి ఒక వంతెన, పడుకోవడానికి ఒక పాక. ఊరి నుంచి తమ్ముడొచ్చాడు, మేనల్లుడొచ్చాడు, భార్య వచ్చింది, వంతెన పొడుగు పెరిగింది. ఒక వంశం జెట్టీకి వచ్చే పనిని మరో వంశం ముట్టుకునేది కాదు. కాబట్టి అప్పట్లో జెట్టీ అంటే ఇల్లు మాత్రమే కాదు, పని దొరికే హక్కు కూడా.

ఈ రేవుతో మనకూ ఒక సంబంధం ఉంది. మద్రాసు, నాగపట్నం నుంచి సింగపూర్ దాకా నడిచిన రజులా ఓడకు పినాంగ్ ఒక మజిలీ. మలయా తోటల్లో పనికి వెళ్లిన తెలుగు కుటుంబాల్లో చాలామంది మొదట చూసిన మలయా తీరాల్లో ఇదీ ఒకటి.

వంతెన చివరికి నడిస్తే ఆ పాత పడవల పని ఆనవాళ్లు కనిపిస్తాయి. అక్కడ మెట్లు నీళ్లలోకి దిగుతాయి. నీటిమట్టం ఎంత ఉన్నా ఏదో ఒక మెట్టు పడవ అంచుకు సరిపోతుంది. కదిలే వేదిక, గొలుసు, కప్పీ ఏవీ లేకుండా ఆటుపోట్లను లొంగదీసుకున్న సాధనం ఆ మెట్లే. ఆ మెట్ల దగ్గరికి వచ్చే సంపాన్ పడవను నడిపే మనిషి కూర్చునేవాడు కాదు. వెనకవైపు నిలబడి, ముందుకు చూస్తూ, రెండు తెడ్లను ఛాతీ ముందు పట్టుకుని ఒళ్లంతా ముందుకు వాలుస్తూ తోసేవాడు. కూర్చుని లాగేవాడికి వీపే దారి వైపు ఉంటుంది. ఓడల మధ్య, తాళ్ల మధ్య ఇరుకులో తిరిగేవాడికి అది కుదరదు. నిలబడి తోస్తే దారి కనిపిస్తుంది, ఒంటి బరువూ పనికొస్తుంది.

చ్యూ జెట్టీ వీటిలో పెద్దది, డెబ్బైకి పైగా ఇళ్లున్నాయి. దాని మొదట్లో గుడి ఉంది. చైనా కొత్త సంవత్సరం తర్వాత ఎనిమిదో రోజు రాత్రి, తొమ్మిదో రోజున వచ్చే జేడ్ చక్రవర్తి అనే దేవుడి పుట్టినరోజు కోసం, అక్కడ పొడుగాటి బల్లలు వరసగా వేసి నైవేద్యాలు పేరుస్తారు. బల్లల పక్కన ఆకులతో సహా చెరకుగడలు కడతారు. శత్రువుల నుంచి తప్పించుకుని తమ పూర్వీకులు చెరకుతోటలో దాక్కుని బతికారని ఫుజియాన్ వాళ్ల కథ. ఆ బల్లల మీద పండ్లూ మిఠాయిలూ గోపురాలుగా పేర్చే తీరు చూసినా, ఇళ్లు కట్టిన చేతులవే ఇవి అని తెలిసిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధమప్పుడు, 1941 డిసెంబరులో, జపాన్ విమానాలు జార్జ్ టౌన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి దెబ్బ నిశ్శబ్దంగా తగిలింది. 1969లో పినాంగ్ సుంకంలేని రేవు హోదా పోయింది. సరుకు కంటైనర్లలోకి మారింది, కంటైనర్లు అవతలి ఒడ్డున బటర్‌వర్త్ రేవులకు వెళ్లాయి. సంపాన్‌కు పని లేకుండా పోయింది. జెట్టీ కుర్రాళ్లు ఊళ్లో ఉద్యోగాలకు వెళ్లారు.

ఇళ్లు నిలిచింది నీటి మీద కాబట్టి వాటి కింద పట్టా భూమి లేదు. ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక అనుమతుల మీదే ఇక్కడి కాపురాలు సాగాయి. ఆ బలహీనత ఎంతటిదో 2006లో తెలిసింది. కోయ్ వంశం జెట్టీనీ పెంగ్ అవున్ జెట్టీనీ కొత్త ఇళ్ల నిర్మాణం కోసం కూల్చేశారు. కోయ్ వాళ్లది ప్రత్యేకమైన కథ. ఫుజియాన్‌లోని బైచీ నుంచి వచ్చిన ఆ వంశానికి ముస్లిం పూర్వీకులున్నారు. రెండేళ్లకే, 2008 జూలైలో, జార్జ్ టౌన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, మిగిలిన జెట్టీలకు కాపుదల దొరికింది. కోయ్ జెట్టీకి ఆ రెండేళ్లు దక్కలేదు.

కాపుదలతో పాటు జనం కూడా వచ్చారు. చ్యూ జెట్టీలో ఇప్పుడు ముందుగదులు కొన్ని దుకాణాలయ్యాయి. అయస్కాంతపు బొమ్మలు, టీ చొక్కాలు, ఐస్‌క్రీములు. దీన్ని తప్పు పట్టడం సులువు. కానీ గుంజ మార్చడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు సంపాన్ ఇవ్వడం ఆగిపోయి చాలాకాలమైంది. దుకాణం ఇస్తే తప్పేముంది? తప్పు మరో చోట ఉంది. కిటికీలోంచి పడకగదిని ఫొటో తీసేవాళ్లూ, పూజ చేసుకుంటున్న ముసలావిడ ముఖం మీదికి కెమెరా పెట్టేవాళ్లూ కరువేం కాదు. ఫొటోలు వద్దని ఇళ్ల ముందు రాసిన పలకలు ఊరికే వెలవలేదు.

మీరు వెళితే చ్యూ జెట్టీతో ఆగకండి. టాన్ జెట్టీకి నడవండి. అక్కడ సన్నటి పలకల దారి నీళ్లలోకి చాలా దూరం సాగుతుంది, ఈ నిర్మాణమంతా దాపరికం లేకుండా కనిపిస్తుంది. లీ, యో జెట్టీల్లో దుకాణాల గోల తక్కువ. ఎవరైనా పంచలో కూర్చుని ఉంటే తలవంచి పలకరించండి, పిలవనిదే గడప దాటకండి. చీకటి పడ్డాక అది వాళ్ల ఇల్లు, వచ్చేయండి.